కొనుటకు ముందు వినుట



నేడు నేను ముచ్చటింపబోవు వస్తువు చూపునకు మిక్కిలి చిన్నది. అరచేతిలో నిముడు నొక పెట్టె. దానిమీద రెండో మూడో త్రిప్పుడు మరలు, కాలితో నొక్కుటకొక మీట. విద్యుత్ గిటారు వాయించువారు దీనిని పెడల్ అందురు. గిటారునుండి బయలుదేరిన నాదము వైరుగుండా ఈ పెట్టెలో ప్రవేశించి, దీనినుండి వెలువడి, ఆంప్లిఫయరును చేరును. మీట నొక్కినంతనే అంతవరకు స్వచ్ఛముగా పలుకుచున్న గిటారు గరగరలాడుచు, గర్జించుచు పలుకును. ఈ మార్పు కొంచెమైనచో ఓవర్‌డ్రైవ్ అనియు, మిక్కుటమైనచో డిస్టార్షన్ అనియు వ్యవహారము. మితమైన ధనముతో ఇట్టి పెడల్‌ను ఎట్లు ఎన్నుకొనవలెనన్నదే నేటి ప్రసంగవిషయము.

ముప్పది యేండ్లు పాఠశాలలో వ్యాకరణమును, ఛందస్సును బోధించి విశ్రాంతి గైకొన్న వృద్ధునకు ఈ గోల యేల యని కొందరు నవ్వుకొనవచ్చును. నేను గిటారు వాయింపను. మా మనుమడు వాయించును. నేడు మన పట్టణములలోనేగాక పల్లెలలోగూడ పిల్లలు ఈ వాద్యమును అభ్యసించుచున్నారు. వారు పెడల్ కావలెనని యడిగినపుడు తలిదండ్రులకు అదేమో తెలియదు. దుకాణదారుడు అన్నియు మంచివే యనును. నడుమ ఖర్చగునది మాత్రము కష్టార్జితము. తెలిసినంతవరకు తేటపరచుట ఉపాధ్యాయుని వృత్తిధర్మము గనుక పూనుకొంటిని.

అదియునుగాక, ఈ విషయము నా శాస్త్రమునకు మిక్కిలి దూరమైనదియు కాదు. మన ఆలంకారికులు కావ్యదోషములను గణించునపుడు శ్రుతికటుత్వమును, అనగా చెవికి గరుకుగా తగులు పదముల కూర్పును, దోషముగా చెప్పిరి. శృంగారమున దోషమైన యా కర్కశత్వమే రౌద్రరసమున గుణమగునని కూడ వారే చెప్పిరి. మమ్మటుడు కావ్యప్రకాశమున దోషప్రకరణమునందు ఈ విషయమును విశదీకరించినాడు. గిటారు పెడల్ చరిత్ర యంతయు ఈ యొక్క సూత్రమునకు వ్యాఖ్యానమువలె నుండును.

ఆ చరిత్ర అమెరికాలో ఆరంభమైనది. 1951వ సంవత్సరమున మెంఫిస్ నగరమున ‘రాకెట్ 88’ అను పాటను రికార్డు చేయుచుండగా, విల్లీ కిజార్ట్ అను వాద్యకారుని ఆంప్లిఫయరు అంతకుముందే దెబ్బతిని యుండుటచే గిటారు గరగరమని పలికెను. దానిని సవరింప సమయము లేక అట్లే రికార్డు చేసిరి, జనులు మెచ్చిరి. 1958లో ‘రంబుల్’ అను వాద్యగీతమునకై లింక్ రే అనునతడు తన ఆంప్లిఫయరు స్పీకరు కాగితమునకు బుద్ధిపూర్వకముగా చిల్లులు పొడిచెనని చెప్పుదురు. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో, నాష్‌విల్ స్టూడియోయందలి యంత్రమొకటి చెడుటచే గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు తుమ్మెద ఝంకారమువలె వినవచ్చెను. ఆ స్టూడియో ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపమును కోరినపుడెల్ల కలిగించు సాధనమును కల్పించెను. అదియే 1962లో గిబ్సన్ సంస్థవారు ‘మాయెస్ట్రో ఫజ్ టోన్’ అను పేర విక్రయించిన పెడల్. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమువారు ‘శాటిస్‌ఫ్యాక్షన్’ అను పాటలో దానిని వాడినపిమ్మట ఆ ధ్వని లోకమంతట వ్యాపించెను. చెడిన యంత్రపు దోషము ఇట్లు కొనదగిన గుణమైనది.

ఇక ఈ ధ్వని ఎట్లు పుట్టుచున్నదో చూతము. గిటారు తీగ కంపించినపుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో స్వల్పమైన విద్యుత్తరంగము పుట్టును. ఆ తరంగమునకు మిట్టలును పల్లములును కలవు. పెడల్ ఆ తరంగమును ముందు పెద్దది చేసి, పిమ్మట దాని మిట్టలను పల్లములను ఒక హద్దుకడ కోసివేయును. ఈ కోతపని చేయునది సాధారణముగా డయోడు అను అతి చవకైన భాగము. చెరువునకు కట్టిన అలుగును తలచుకొనుడు. నీటిమట్టము అలుగు ఎత్తును మించగానే అధికజలము పొరలిపోవును. సిలికాన్ డయోడు కూడ అట్లే సుమారు 0.6 వోల్టులు దాటిన తరంగమును పైకి పోనీయదు. గుండ్రని శిఖరము మొండిదగును. ఆ మొండితనమే మన చెవికి గరుకుగా వినబడును.

అయితే కోత వలన నాదము తగ్గవలెను గదా, పెరిగినట్లేల తోచును? కోయబడిన తరంగమున మూలస్వరముతోపాటు దాని గుణిజములైన అనుస్వరములు బలముగా పుట్టును. క్షణమునకు 110 సార్లు కంపించు స్వరమును షడ్జమనుకొందము. మిట్టలను పల్లములను సమానముగా కోసినచో 330, 550 మొదలగు బేసిగుణిజములు బలపడును. వానిలో 330 పైస్థాయి పంచమము. 550 ఆ పైస్థాయి అంతరగాంధారము. ఒక వైపు ఎక్కువగాను, మరియొక వైపు తక్కువగాను కోసినచో 220, 440 మొదలగు సరిగుణిజములు కూడ చేరును. ఇవి పైస్థాయి షడ్జములు. తంబురా గుర్రముమీద తీగక్రింద సన్నని నూలుదారమును జరిపి జీవ పట్టుట మనవారెరుగుదురు. ఆ దారము సరియైనచోట నిలిచినపుడు తీగ గుర్రమును మృదువుగా తాకుచు మ్రోగును. మంద్రషడ్జమునుండి స్వయంభూగాంధారము వినవచ్చును. పెడల్ చేయు పని వేరుమార్గమున నైనను, ఫలమొక్క జాతిదే. దారము ఒక నూలుపోగంత జరిగిన జీవ పోవును. పెడల్ విషయమునను మోతాదే ప్రాణము.

ఇందుండి ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. రెండు స్వరములను కలిపి పెడల్‌లోనికి పంపినపుడు, వాని గుణిజములేగాక, ఆ రెండింటి భేదమునకు సమానమైన కొత్త స్వరముకూడ పుట్టును. 110 షడ్జము, 165 పంచమము కలిసినచో భేదము 55. అది క్రిందిస్థాయి షడ్జమే. కావుననే ఈ రెండింటి కూడిక డిస్టార్షన్‌లో నిండుగా, గంభీరముగా మ్రోగును. గాంధారమును కూడ చేర్చినచో కథ మారును. గిటారు మెట్లమీద గాంధారము సుమారు 138.6, పంచమము సుమారు 164.8. అపుడు పుట్టు భేదములు 28.6, 26.2. వీనిలో నేదియు క్రింది షడ్జమైన 27.5తో సరిపోలదు, రెండును ఒకదానితోనొకటి పోట్లాడును. ఆరు తీగలను ఒక్కసారి మీటువాడు మిక్కుటమైన డిస్టార్షన్ వాడినచో శ్రుతి బురదయగుట కిదియే కారణము. తప్పు పెడల్‌ది కాదు. పాటకు తగని మోతాదుది.

కావున పెడల్ కొనువాడు ముందుగా తన్నుతాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: నా ఆంప్లిఫయరు ఎట్టిది? వాల్వుల ఆంప్లిఫయరును గట్టిగా నడిపించినచో అదియే మృదువుగా గరుకెక్కును. ఓవర్‌డ్రైవ్ పెడళ్లు పెక్కు అట్టి ఆంప్లిఫయరును మరికొంత ముందునకు త్రోయుటకే ప్రసిద్ధి కెక్కినవి. మన పిల్లలయొద్ద సాధారణముగా నుండునది 10, 15 వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు. దానిని పెడల్‌తో త్రోసినంతమాత్రమున ఆ మృదుత్వము రాదు. గరుకుతన మంతయు పెడలే సమకూర్పవలెను. మరియొక సంగతి. ఇట్టి ఆంప్లిఫయరులలో పెక్కింటికి గెయిన్ అను మరయు, డిస్టార్షన్ మార్గమును ముందే అమర్చబడి యుండును. దానిని వారముదినములు ఓపికతో త్రిప్పి చూచిన పిమ్మటనే దుకాణమునకు పొండు. ఉన్నది చాలినచో కొనుట యనావశ్యకము.

రెండవ ప్రశ్న: నేను వాయించునది ఏది? పూర్తి శ్రుతులను మీటుచు పాటకు తోడు నడుచువానికి తక్కువ మోతాదు కావలెను. ఒక్కొక్క స్వరమునే సాగదీయుచు పలికించువానికి మధ్యమము. రెండు తీగల షడ్జపంచమములతో బరువుగా కొట్టువానికి అధికము.

మూడవ ప్రశ్న: నా ధనములో పెడల్‌కు ఎంత, తక్కినవానికెంత? ఈ ప్రశ్నను పిల్లలు మరతురు. పెడల్ ఒక్కటి చాలదు. మరియొక వైరు కావలెను, విద్యుత్తునకు అడాప్టరు కావలెను. పాతబడిన తీగలు గిటారుకున్నచో ఎంత గొప్ప పెడల్ అయినను వానికి ప్రాణము పోయదు.

ఇక చిరకాలముగా వాడుకలో నిలిచిన కొన్నింటి గుణములను చెప్పెదను. జపానుదేశపు రోలండ్ సంస్థవారి బాస్ శాఖ 1978లో డీఎస్-1 అను డిస్టార్షన్ పెడల్‌ను, 1981లో ఎస్‌డీ-1 అను ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను వెలువరించెను. రెండును నేటికిని తయారగుచున్నవి. పేరుపొందిన పెడళ్లలో తక్కువ వెలకు దొరకువానిలో చేరినవి. డీఎస్-1 తరంగమును కఠినముగా కోయును. దాని టోన్ మరను ఎక్కువ త్రిప్పినచో ధ్వని మిక్కిలి పదునై చెవిని కోయును గనుక, తీక్ష్ణముగా పలుకు చిన్న ఆంప్లిఫయరుతో దానిని తక్కువలో నుంచుట మేలు. ఎస్‌డీ-1లో ఒక వైపు ఒక డయోడును, మరియొక వైపు రెండును కలవు. కావున కోత అసమానము. ధ్వని కొంత మెత్తగా నుండును.

1979 ప్రాంతమున ఐబనెజ్ పేర వెలువడిన ట్యూబ్ స్క్రీమర్ టీఎస్ 808 గిటారు లోకమున మిక్కిలి కీర్తి గడించినది. సుసుము తమురా అను ఇంజనీరు దానిని రూపొందించెను. అది సుమారు 720 కంపనములకు క్రిందనున్న స్వరములను క్రమముగా తక్కువగా పెంచును. మధ్యభాగమును ముందునకు తెచ్చును. తోడివాద్యముల నడుమ గిటారు మునిగిపోకుండ వినబడుటకు ఈ గుణ ముపకరించును. ఆరంగుళముల స్పీకరుగల చిన్న ఆంప్లిఫయరులో మాత్రము మంద్రము మొదలే తక్కువ గనుక, దీనితో ధ్వని పలుచనై ముక్కుతో పలికినట్లు తోచవచ్చును. ఒకని సుగుణము మరియొకనికి లోపమగుట ఇట్టిదే.

అమెరికాలో కలమజూ పట్టణమున ప్రోకో సంస్థవారు 1970లలో రూపొందించిన ర్యాట్ అను పెడల్ తక్కువ మోతాదున ఓవర్‌డ్రైవ్‌వలెను, ఎక్కువ మోతాదున ఘోరమైన గర్జనవలెను పలుకును. దానియందలి ఫిల్టర్ అను మర కుడివైపునకు త్రిప్పినకొలది ధ్వని మందమగును. తక్కిన పెడళ్లకిది వ్యతిరేకము. ఇది తెలియక చెడిపోయినదని తిరిగి యిచ్చువారు కలరు.

వీనికంటె చవకైన యనుకరణములు కూడ బజారున విరివిగా దొరకుచున్నవి. బెరింజర్ వారి టీఓ 800, జోయో వారి వింటేజ్ ఓవర్‌డ్రైవ్ అనునవి ట్యూబ్ స్క్రీమర్ మార్గము ననుసరించినవే. ఇట్టివానిని చులకనగా చూడ బనిలేదు. లోపలి భాగములు సామాన్యమైనవి; కొన్ని డయోడులు, కొన్ని కెపాసిటర్లు, ఒక చిన్న చిప్పు. వెల భేదమున పెద్దభాగము పెట్టె గట్టితనమునకు, మీటకు, వైరు దూర్చు రంధ్రముల మన్నికకు, పేరునకు చెల్లును. మొదట చెప్పిన దాని పెట్టె ప్లాస్టిక్కుది. ఇంటిలో వాడువానికి చాలును. ప్రతిదినము వేదికలమీద బూటుకాలితో త్రొక్కువానికి లోహపు పెట్టెయే మేలు. పాతకాలపు పెడళ్లలోని ఫలానా చిప్పునకు మహిమ కలదని చెప్పి పదింతలు వెల యడుగువారిని దూరమునుండియే నమస్కరింపుడు.

ఇపుడు పరీక్షావిధానము. మీ గిటారును మీరే తీసికొనిపోవుడు. వీలైనచో మీ ఆంప్లిఫయరును కూడ. దుకాణమునందలి గొప్ప ఆంప్లిఫయరులో వినిన ధ్వని మీ యింటికి రాదు. రెండు పెడళ్లను పోల్చునపుడు రెంటి గట్టితనమును సమానము చేయుడు. ఇది మిక్కిలి ముఖ్యము. ఏలయనగా కొంచెము గట్టిగా వినబడునదే మేలైనదని మానవుని చెవి భ్రమపడును. పెడల్ ఆపినపుడును, నొక్కినపుడును ఒకే గట్టితనముండునట్లు లెవెల్ మరను నిలుపుడు. పిమ్మట నాలుగు పరీక్షలు చేయుడు. ఒక్క స్వరమును మీటి అది ఆరిపోవువరకు వినుడు. చివర తెగినట్లు చిటపటలాడకుండ సన్నగిల్లవలెను. షడ్జపంచమములను కలిపి మీటుడు. తరువాత పూర్తిశ్రుతిని మీటి అందలి స్వరములు విడివిడిగా వినబడునో లేదో గమనింపుడు. కడపట గిటారుమీది వాల్యూమ్ మరను సగము తగ్గింపుడు. ధ్వని తేటపడినచో ఆ పెడల్ మీ చేతిమాట వినును. ఈ నాలుగవ పరీక్షలో నెగ్గిన పెడల్ ఒక్కటియే రెండు పెడళ్ల పని చేయును.

పాతది కొనుట కూడ మంచి మార్గమే. మరలను త్రిప్పునపుడు కరకరమను శబ్దము వచ్చుచున్నదా, మీట ప్రతిసారి పనిచేయుచున్నదా, వైరును కదిపినపుడు నాదము తెగుచున్నదా యని చూడుడు. ఈ పెడళ్లకు సాధారణముగా 9 వోల్టుల విద్యుత్తు కావలెను. అడాప్టరు మొన నడుమ రుణధ్రువ ముండవలెను. ఇంటిలోని టీవీ పెట్టె అడాప్టరు మొన సరిపోయినది గదా యని తగిలింపకుడు. దాని వోల్టులు ఎక్కువయై, ధ్రువములు తారుమారై పెడల్ కాలిపోవచ్చును. బ్యాటరీతో వాడువారు పని ముగియగానే గిటారు వైరును ఊడదీయవలెను. వైరు లోపలనున్నంతకాలము పెడల్ మేల్కొనియే యుండి బ్యాటరీని త్రాగును.

నా పూర్వశిష్యుడొకడు మోటారుసైకిళ్లు బాగుచేయు దుకాణమున పనిచేయును. ఆదివారములందు తమ ప్రార్థనామందిరమున పాటలకు గిటారు సహకార మిచ్చును. కొన్ని నెలలుగా కూడబెట్టిన ఐదువేల రూపాయలతో, మరికొంత అప్పు చేసి, గొప్ప వాద్యకారులు వాడు పెడల్ కొందునని నాతో చెప్పెను. “ఏమి వాయింతువురా?” యని యడిగితిని. “పాటలకు పూర్తిశ్రుతులండి, మేష్టారూ” అనెను. “పాడునది ఎవరు?” “అందరునండి. ముసలివాళ్లు కూడ పాడుదురు.” సమస్య అక్కడనే తేలినది. అక్కడ ముఖ్యము పదిమంది కంఠములు. వృద్ధులు పాట చరణమును విని అందుకొనవలెను. గర్జించు గిటారు అచట శృంగారకావ్యమున దూరిన శ్రుతికటువు. మా మనుమనియొద్దనున్న మూడు పెడళ్లను అతని చిన్న ఆంప్లిఫయరుకే తగిలించి, గట్టితనము సమానము చేసి, ఒక సాయంకాలము వింటిమి. అతడు కోరిన ఖ్యాతిగల జాతిది ఆ పెట్టెలో పలుచగా పలికెను. చవకైన యనుకరణమొకటి, మోతాదు పావువంతునకు తగ్గించినపుడు, పాటక్రింద మెత్తని తివాసివలె పరచుకొనెను. అతడట్టిదే పాతది కొని, మిగిలిన సొమ్ముతో సరియైన అడాప్టరును, మంచి వైరును, కొత్త తీగలను కొనెను. అప్పు చేయలేదు. ఆ డబ్బులో కొంత తల్లి కండ్లద్దములకు మిగిలినదని పిమ్మట తెలిసినది.

ఖరీదైన పెడళ్లను నేను నిందించుటలేదు. వేదికలమీద జీవనము సాగించువారికి మన్నికయు, సూక్ష్మభేదములును కావలెను. వారు కొనుట న్యాయమే. నేర్చుకొనుచున్న విద్యార్థికి మాత్రము ఒక్క పెడల్ చాలును. దానిని ఏడాదిపాటు మార్పక వాడినచో, ఏ మర ఎంత త్రిప్పిన ఏమగునో చేతికి తెలియును. ఏటేట పెడళ్లను మార్చువాడు మరల పేర్లు నేర్చునేగాని, మోతాదు నేర్వడు.

తలిదండ్రులారా, మీ పిల్లలు అడిగినపుడు కసరుకొనకుడు. పై మూడు ప్రశ్నలను అడుగుడు. సమాధానము చెప్పగలిగిన పిల్లవానికి కొనిపెట్టుడు. చెప్పలేనివానిని మరి నెలదినములు వినుమనుడు. పిల్లలారా, రాత్రివేళ ఇరుగుపొరుగువారి నిద్రను తలచి వాల్యూమ్ మరను తగ్గించి వాయింపుడు. పెడల్ చేయు మేలులలో నొకటి తక్కువ గట్టితనమునగూడ గరుకుతన మిచ్చుటయే. మీ చెవులు జీవితాంతము మీతో నుండవలసినవి.